ఎన్ని గంటలకు తిన్నవు తమ్మీ?

హన్మకొండ
ఆదివారం

తమ్మీ,

నువ్వు రాసి పంపిన ‘ప్రపంచంలో తిని తీరాల్సిన 25 చోట్లు’ రెండుసార్లు చదివిన. ‘నోరూరించే’ అన్న మాట 18 చోట్ల కనబడ్డది, ‘మాటల్లో చెప్పలేం’ ఆరు చోట్ల. మాటల్లో చెప్పలేనిదానికి కాయితం ఎందుకు ఖరాబు చేసుడు? అయినా నా కోపం వాటి మీద కాదు. తొమ్మిదో నంబరు కాడ మండింది.

‘టోక్యో వెళ్తే సుకిజి మార్కెట్‌లో తెల్లవారుజామున ట్యూనా చేపల వేలం చూసి, అక్కడే సుషీ తినండి’ అని రాసినవు. ఆ వేలం సుకిజిల లేదు. టోకు మార్కెట్ మొత్తం 2018 అక్టోబర్‌లనే టోక్యోలనే ఉన్న తొయొసు అనే చోటుకు పోయింది. సుకిజిల మిగిలింది బయటి బజారు: కత్తుల దుకాణాలు, ఎండుచేపలు, పుల్లకు గుచ్చి అమ్మే గుడ్డు అట్టు. అది కూడా పొద్దుటి పూట బజారే, మధ్యాహ్నం రెండు దాటితే చాలా షట్టర్లు దిగుతయి. తొయొసుల వేలం దగ్గరినుంచి చూడాలంటే ముందుగాలనే లాటరీకి పేరియ్యాలె. ఆదివారాలు, చాలా బుధవారాలు సెలవు. నీ మాట నమ్మి మన కాజీపేట పిలగాడెవడన్న నాలుగింటికి లేచి టాక్సీ కట్టుకొని సుకిజి పోతే, వానికి దొరికేది చీకటి, చలి. నువ్వు అక్కడికి పోలేదు. ఎవరో పదేండ్ల కింద రాసింది ఎత్తి పెట్టినవు. ఎత్తి పెట్టినోళ్లకు ఎప్పుడూ ఇదే జరుగుతది, చోటు పేరు దొరుకుతది గాని వేళ దొరకదు.

నేను చెప్పేదంతా ఇదొక్కటే, ఉత్తరం పొడుగూత ఇదే చెప్త, విసుగొస్తే మడిచి పక్కన పెట్టు. హోటలుకు పేరు కంటే ముందు వేళ ఉంటది. ఎక్కడున్నదో ఫోను చూపిస్తది. ఎన్ని గంటలకు పోవాలె, ఏ నెలల పోవాలె, ఏ రోజు పోవద్దు, ఇది తిన్నోడే చెప్పాలె.

దూరం ఎందుకు, 24వ నంబరు చూడు. ‘హన్మకొండ చౌరస్తా మిర్చి బజ్జీ అదుర్స్’. ఏ వాయి? ఐదింటికి బండి పెట్టంగనే పడ్డ మొదటి వాయికి నూనె సరిగ్గ కాగదు. శనగపిండి నూనె తాగుతది, కొరికితే గదవ పొంటి కారుతది. రెండో వాయి, మూడో వాయికి నూనె అదునుకొస్తది. పిండి బొట్టు వేస్తే అడుగంటకుండ గభాల్న పైకి తేలుతది. అప్పుడేసిన బజ్జీకి పైపొర గట్టిపడ్తది, లోపల చింతపండు వాము పెట్టిన మిరపకాయ సొంత ఆవిరికే మగ్గుతది. ఎనిమిది దాటినంక అదే నూనె నల్లబడి, రాలిన పిండి మాడి, ప్రతి బజ్జీకి చేదు అంటుకుంటది. ఆ వేళకు కట్ మిర్చి అసలే అడగొద్దు, రెండుసార్లు అదే నూనెల మునుగుతది. బండి ఒక్కటే, మనిషి ఒక్కడే, రుచులు మూడు. నువ్వు ఏ రుచి గురించి రాసినవో చదివేటోనికెట్ల తెల్వాలె?

నాలుగో నంబరు నేపుల్స్. 1870ల పెట్టిన ఆ పాత పిజ్జా దుకాణం, దా మిఖేలే, మంచి చోటే పట్టినవు. తర్వాత ఏం రాసినవు? ‘డబ్బాలో పెట్టించుకొని రూముకు తెచ్చుకున్నాం, మధ్యలో మెత్తగా, సాగినట్టుగా ఉంది, అంత గొప్పగా అనిపించలేదు.’ తమ్మీ, ఆ పిజ్జా కట్టెల పొయ్యిల 430 నుంచి 480 డిగ్రీల వేడి మీద 60 నుంచి 90 సెకండ్లు ఉంటది, అంతే. అందుకే అంచు ఉబ్బి మచ్చలు మచ్చలు కాలుతది, నడుమ తడి తడిగనే ఉంటది. అది తప్పు కాదు, దాని తీరే అది. డబ్బాల పెట్టి మూత వేసినవంటే ఆవిరి బయటికి పోదు, అంచు తోలైతది, నడిమి తడి పిండిలకు దిగుతది. పావుగంట చాలు చెడగొట్టడానికి. నువ్వు రాయాల్సింది: పోంగనే తలుపు కాడ నంబరు చీటీ తీసుకో, పిలిచేదాక ఆగు, లోపలనే కూర్చో, పళ్లెం రాంగనే తిను, ఫొటో తర్వాత. మార్గరీటా కాకుండ చీజ్ లేని మరినారా కూడా ఉంటది, టమాటా, ఎల్లిపాయ, ఓరెగానో, నూనె. మనోళ్లు దాన్ని చిన్నచూపు చూస్తరు. టమాటా రుచి తెల్వాలంటే అదే తినాలె.

ఇటలీ మాట వచ్చింది గనుక ఇంకొకటి. అక్కడ ‘బార్’ అని బోర్డుంటే మందు దుకాణమని మనోళ్లు అమ్మను తీసుకొని లోపలికి పోరు. అది కాఫీ దుకాణం. రద్దీ ఉన్న చాలా బార్లల్ల గల్లా కాడ ముందు పైసలు కట్టి, చీటీ కౌంటర్ మీద పెట్టి, నిలబడి తాగాలె. అదే కాఫీ కుర్చీల కూర్చొని తాగితే ధర పెరుగుతది, పేరున్న చౌరస్తాలల్ల రెట్టింపు దాటుతది. కపుచీనో పొద్దుటిది, భోజనమయినంక అడిగితే ఇస్తరు గాని వింతగ చూస్తరు. హోటల్ బిల్లుల ‘కోపెర్తో’ అని, కూర్చున్నందుకు మనిషికింత వేస్తరు, మెనూ అడుగున రాసే ఉంటది, కొట్లాడకు. స్పెయిన్‌ల ఎనిమిదింటికే రాత్రి బువ్వకు పోతే వంటిల్లు ఇంకా తెరవదు, తొమ్మిది దాటాలె.

17వ నంబరు హనోయ్‌ల ఒక్క వాక్యం బాగున్నది, చిన్న ప్లాస్టిక్ పీట మీద మోకాళ్లు గదవకు తగిలేటట్టు కూర్చున్నవని రాసింది. ఆ ఫో, అదే బొక్కల రసంల నూడుల్స్, తిన్నది పొద్దుగాలనేనా? అయితే అదే రాయి. బొక్కల రసం రాత్రంతా మరిగి, తెల్లారంగ మొదటి గిన్నెల పడ్డప్పుడు ఉండే చిక్కదనం వేరు. కొన్ని బండ్లు పది గంటలకే కడిగి పెట్టేస్తరు. అక్కడే గుడ్డు కాఫీ గురించి ‘వెరైటీగా ఉంది’ అని ఒక్క ముక్కతోటి వదిలేసినవు. 1946ల పాలు దొరకని కాలంల, మెట్రోపోల్ హోటల్ల పనిచేసిన జాంగ్ అనే ఆయన పచ్చసొన గిలక్కొట్టి పాల బదులు వాడిండు. కఫే జాంగ్ ఇప్పటికీ ఉన్నది. కప్పును వేడినీళ్ల గిన్నెల పెట్టి ఇస్తరు, ఎందుకో అడిగినవా? చల్లారితే నీచు వాసన పైకి లేస్తది. పైన నురుగు చెంచాతోటి సగం తిని, మిగిలింది కింది చేదు కాఫీతోటి కలిపి, వేడి మీదనే తాగాలె. ముచ్చట పెట్టుకుంట తాగేది కాదు.

ఇగ 12వ నంబరు, ఇస్తాంబుల్. ‘బోజా పుల్లగా, చిక్కగా ఉంది, మనకు ఎక్కదు’. ఈ వాక్యం చదివి నవ్వొచ్చింది. మనకు ఎక్కకపోవుడేంది? అంబలి తాగిన జిల్లా కాదా మనది? బోజా అంటే చిరుధాన్యం ఉడకబెట్టి, వడగట్టి, చక్కెర వేసి పులియబెట్టింది. రాత్రి పులిసిన జొన్న అంబలికి దూరపు చుట్టం, కాకపోతే తియ్యటి చుట్టం. వెఫా పేటల 1876 నుంచి ఉన్న దుకాణం అది. గ్లాసు మీద దాల్చిన చెక్క పొడి చల్లి, వేయించిన శనగలు వేసుకొని, చెంచాతోటి తింటరు. శనగలు అందులనే రావు, ఎదురుంగ ఉండే దుకాణంల పొట్లం కొనుక్కొని రావాలె. నువ్వు శనగల మాటే రాయలేదు, అంటే వేసుకోలేదు. పైగా నువ్వు పోయింది జూలైల. బోజా చలికాలపు సరుకు, వేడికి తొందరగ పులుస్తది. జనవరి రాత్రి ఆ పేట గల్లీలల్ల నడిచి పోయి, చేతులు ముడుచుకొని తాగేదాన్ని జూలై మిట్ట మధ్యాహ్నం తాగి ‘మనకు ఎక్కదు’ అంటివి. వేసవిల సకినాలు తిని సంక్రాంతిని తిట్టినట్టున్నది.

నీ తప్పు ఒక్కనిదే కాదులే. ఒక వారపత్రికకు నేను శీర్షిక రాసేటప్పుడు టైము, ధర, సెలవు రోజు రాసిన ప్రతిసారి ఆ సంపాదకుడు కొట్టేసేటోడు. ‘ఇవి పొడి పొడి వివరాలు, కాస్త కవిత్వం దట్టించండి’ అనేటోడు. కవిత్వం అచ్చయింది, జనం మంగళవారం మూసుండే హోటలుకు మంగళవారం పోయిండ్రు. ఉత్తరాలొచ్చినయి, తిట్లు నాకు. ఇప్పుడు పత్రికలు పోయి రీళ్లొచ్చినయి. ‘హిడెన్ జెమ్’ అంటరు, వెనక పాట పెడ్తరు, నెల తిరగకముందే ఆ బండి కాడ వంద మంది నిలబడ్తరు, రెండు వాయిలేసేటోడు పది వేస్తడు, నూనె మార్చుడు మర్చిపోతడు. వద్దులే, దీని మీద మొదలుపెడితే తెల్లారుతది.

కూరగాయలు తినేటోళ్ల గురించి నీ జాబితాల సలాడ్లు తప్ప ఏం లేవు. జపాన్‌ల నూడుల్స్ రసం చూడనీకి ఉత్త నీళ్లే, దాంట్ల తరచుగ ఎండుచేప తురుము మరిగి ఉంటది, చెప్పాలె కదా. ఇథియోపియా పేరే రాయలేదు. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులకు బుధవారం, శుక్రవారం ఉపవాసం, మాంసం, పాలు, గుడ్డు ముట్టరు. ఆ రెండు రోజులు ఏ చిన్న హోటల్ల అడిగినా ‘యెత్సోమ్ బెయాయ్‌నెతు’ దొరుకుతది. ఇంజెరా మీద పప్పులు, శనగపిండి కూర, ఆకుకూర, క్యాబేజీ కుప్పలు కుప్పలు. ఇంజెరా అంటే టెఫ్ అనే సన్న గింజల పిండి రెండు మూడు రోజులు పులియబెట్టి ఒక్క పక్కనే కాల్చే అట్టు, పైన అంతా కండ్లు కండ్లుగ ఉంటది. కుడిచేత్తోటి చింపి, కూర పట్టుకొని, నోట్లె పెట్టుకోవాలె, చెంచా ఇయ్యరు. మనోళ్లకు ఇంతకంటే సులువైన దేశం లేదు, కాకపోతే రోజు చూసుకొని పోవాలె. ఆదివారం పోతే అదే పళ్లెంల మాంసం ఉండొచ్చు.

సింగపూర్ హాకర్ సెంటర్ల, అంటే చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒక్క చోట ఉండే బజార్ల, సంస్కృతి 2020ల యునెస్కో జాబితాకెక్కిందని రాసినవు, మంచిదే. అమ్మ అక్కడ నిలబడితే ఆ సంగతి కడుపు నింపదు. బల్ల మీద టిష్యూ పొట్లం ఉంటే ఆ సీటు ఎవరో పట్టుకున్నరని అర్థం, తీసి పక్కన పెట్టొద్దు. తిన్నంక పళ్లెం ఎవరిది వాళ్లే తీసి పెట్టాలె, లేకుంటే మొదలు మందలిస్తరు, మళ్లా చేస్తే జరిమానా. ‘కోపి’ అంటే గడ్డపాలతోటి, ‘కోపి ఓ’ అంటే పాలు లేకుండ చక్కెరతోటి, చక్కెర కూడా వద్దంటే ‘కోపి ఓ కొసొంగ్’. ఈ మూడు మాటలు రాసుంటే నీ నాలుగు పేరాలు అక్కరలేదు.

ఇంటికి వద్దాం. ‘వరంగల్ హోటళ్లలో సర్వపిండి తప్పక తినండి’. సర్వపిండి అను, తప్పాలచెక్క అను, గిన్నప్ప అను, అది గిన్నెల నుంచి నేరుగ నోట్లకు పోయే వస్తువు. రెండు గ్లాసుల బియ్యప్పిండికి గుప్పెడు నానిన శనగపప్పు, కచ్చాపచ్చా దంచిన పల్లీలు, రెండు చెంచాల నువ్వులు, కారం, ఉప్పు, ఎల్లిపాయ, కరివేపాకు, ఉల్లాకు. నీళ్లు ఎక్కువైతే కరకరలాడదు, తక్కువైతే ఒత్తంగనే పగులుతది. గిన్నె అడుగున, గోడల పొంటి పల్చగ ఒత్తి, వేలితోటి తూట్లు పొడిచి, తూటుకు రెండు బొట్ల నూనె వేసి, మూత పెట్టి సన్న మంట మీద పెట్టాలె. మంట పెంచితే అడుగు మాడుతది, నడుమ పచ్చిగుంటది. రెండోది ఒత్తాలంటే గిన్నెను నీళ్లల్ల చల్లార్చాలె, లేకుంటే చెయ్యి కాలుతది. అందుకే ఇంట్ల రెండు గిన్నెలు తిప్పుతరు. ఇంత ఆగుడు ఏ హోటలుకు కుదురుతది? వాళ్లు పెనం మీద చేసి పొద్దుటినుంచి డబ్బాల పెడ్తరు, మాపటికి అది అట్టముక్క. హోటల్ పేరు కొట్టెయ్యి. ఎవరింట్లనన్న దింపేటప్పుడు పిలిస్తే పొమ్మని రాయి.

చివరిది కల్లు. ‘మా ప్రాంతపు కల్లు రుచి చూడాల్సిందే’ అని వదిలేస్తే మనుషుల పాణం మీదికి తెచ్చినోనివైతవు. పొద్దుగాల చెట్టు నుంచి దింపిన కల్లు తియ్యగుంటది. లొట్టిల ఉన్నంతసేపు పులుస్తనే ఉంటది, మధ్యాహ్నానికి పుల్లగ, కడక్‌గ అయితది. చలికాలం చివరి నుంచి ఎండలు ముదిరేదాక తాటికల్లు మంచి రోజులు. ఊరి బయట తాటివనంల, గౌడన్న దింపంగనే, తాటాకు రేకల పోయించుకొని తాగాలె. పట్నం దుకాణాలల్ల మత్తుమందు కలిపిన కల్లు తాగి మనుషులు దవాఖానల పాలైన సంగతి నీకు తెల్వనిది కాదు. చెట్టు కల్లు గంట గంటకు మారుతది. పొద్దుగాల, మాపటికి ఒక్క తీరే ఉన్నదంటే అది చెట్టుది కాదు, ఇది పెద్దక్షరాల రాయి.

నువ్వు ఆరు ప్రశ్నలడిగినవు. కెమెరా గురించి, పుస్తకం ఎవరేస్తరన్నదాని గురించి నన్నడగకు. 25 చోట్లల్ల నువ్వు నిజంగ కూర్చొని తిన్నవి ఎన్నో లెక్కపెట్టు. ఏడో ఎనిమిదో తేలుతయి. అవే ఉంచు. ఒక్కోదానికి ఏ నెల, ఏ రోజు, ఎన్ని గంటలు, నిలబడా కూర్చొనా, పైసలు ముందా ఎనకా, ఏమని అడగాలె, ఏం వద్దనాలె, ఇవి రాసినంకనే రుచి మాట ఎత్తు. ధర రాస్తే పక్కన నెల, సంవత్సరం వెయ్యి.

వచ్చే శనివారం తిరగరాసింది పట్టుకొని చౌరస్తా బజ్జీల బండి కాడికి రా. ఐదున్నర దాటినంక రా. ఐదింటికే వస్తే పక్కన చాయ్ తాగుకుంట మూడో వాయి దాక ఆగుదాం.

ఇట్లు
నీ అన్న