అవ్రోరాలో ఫిరంగి దగ్గరే ఆగిపోకండి

“రష్యాలోని పీటర్స్‌బర్గ్ వెళ్తే అవ్రోరా యుద్ధనౌక చూడాలా, ఆ సమయంలో అక్కడి నెవా నదిలో పర్యాటకుల ఓడ ఎక్కడం మేలా? అవ్రోరా అడుగు భాగం కొత్తగా కట్టినదే అంటున్నారు, నిజమేనా?” అని ఒకరు నన్ను అడిగారు. నిజమే. అయినా చూసి తీరాలి. విశాఖలో ముప్పై ఏళ్లు ఓడల మరమ్మతు పనిలో ఉన్నాను కాబట్టి ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

అక్కడ వైద్యం చదువుతున్న మా అమ్మాయిని చూడటానికి 2018 మార్చిలో వెళ్లాం. నది ఇంకా గడ్డకట్టే ఉంది. గోర్కోవ్‌స్కాయా మెట్రో స్టేషనులో దిగి కొంత నడిస్తే, నఖీమోవ్ నౌకాదళ పాఠశాల లేతనీలం భవనం ముందు మూడు పొగగొట్టాలతో అవ్రోరా కనిపిస్తుంది. మా పని చేసినవాళ్ల కళ్లు ముందు రివెట్ల (ఇనుప పలకలను కలిపి బిగించే గుబ్బ మేకుల) మీదికే పోతాయి. పైన వరసలు వరసలుగా ఉన్న రివెట్లు నీటిమట్టం దగ్గరికి వచ్చేసరికి మాయమయ్యాయి. అక్కడి నుంచి కిందికి నున్నటి వెల్డింగు పలకలే. 1984 నుంచి 1987 దాకా సాగిన మరమ్మతులో మార్చిన భాగం అదే. పాత అడుగును ఫిన్లండ్ సింధుశాఖలో రూచీ అనే ఊరి దగ్గరికి లాక్కెళ్లి వదిలేశారు.

అందుకని ఇది నకిలీ ఓడ అనేవాళ్లతో నేను ఏకీభవించను. 1900లో నీళ్లలోకి దిగిన ఓడ ఇది. 1941లో జర్మన్ల దాడిలో దెబ్బతిని ఒరానియన్‌బౌమ్ రేవులో నేలకు కూర్చుండిపోయింది. 1944లో మళ్లీ పైకి తేల్చారు. అన్నేళ్లు నీళ్లలో నానిన ఇనుప పలకను సుత్తితో తడితే అప్పడంలా పొరలు పొరలుగా ఊడివస్తుంది. నా చేతులతో ఎన్ని చూశానో లెక్క లేదు. మార్చకపోతే ఈపాటికి ఓడే ఉండేది కాదు.

మా గైడు చాలాసేపు ముందు డెక్కు మీది 152 మిల్లీమీటర్ల ఫిరంగి దగ్గరే నిలబెట్టాడు. 1917 అక్టోబరు విప్లవపు రాత్రి దీన్ని పేల్చగానే విప్లవకారులు అప్పటి ప్రభుత్వం ఉన్న శీతకాల సౌధం (వింటర్ ప్యాలెస్) మీదికి ఉరికారని చెప్పాడు. ఆ పేల్చినది గుండు లేని ఉత్త తుపాకిమందు. తాము పేల్చింది అదొక్కటేనని ఓడ సిబ్బందే రెండు రోజులకు ప్రావ్దా పత్రికలో రాశారు. అందరూ ఆ ఫిరంగి ముందు ఫొటోలు తీసుకుని వెళ్లిపోతున్నారు. మన యాత్రల వీడియోలు తీసేవాళ్లు కూడా అంతే, ఫిరంగి దాటి లోపలికి పోరు. నాకు బాధ కలిగించేది ఇదే.

లోపల ప్రదర్శనశాలలో మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపింది. “నాన్నా, ఇది చూడండి” అంది. ఒక ఫొటో చట్రం. కాలిన డెక్కు చెక్క, దాని మీద చీలిపోయిన కవచపు ముక్క. ఆ ఇనుములో ఎగుడుదిగుడు అంచులతో పెద్ద రంధ్రం. ఆ రంధ్రంలోంచి ఒక మనిషి ముఖం మనల్నే చూస్తోంది. అప్పట్లో ఈ ఓడ కెప్టెన్ యెవ్గేనీ యెగోర్యెవ్. 1905 మే నెలలో జపాను నౌకాదళంతో త్సుషిమా దగ్గర జరిగిన యుద్ధంలో, ఓడ నడిపే కవచపు గదిలో ఉండగా ఫిరంగిగుండు తునక తగిలి చనిపోయాడు. సముద్రంలోనే అంత్యక్రియలు చేశారు. దెబ్బలు తిన్న ఓడ మనీలా చేరి, అక్కడ అమెరికన్ల నిర్బంధంలో యుద్ధం ముగిసేదాకా ఉండిపోయింది. ఆ ఓడ చెక్కతో, ఆ ఓడ ఇనుముతోనే నావికులు తమ కెప్టెన్‌కు ఈ చట్రం చేశారు. టేకు కాలితే దాని నార ఎలా విచ్చుకుంటుందో తెలిసినవాణ్ణి, అక్కణ్ణుంచి కదలలేకపోయాను. గైడు మాత్రం దాని గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. అప్పట్లో లెనిన్‌గ్రాద్ అనే ఈ నగరం జర్మన్ల ముట్టడి నుంచి బయటపడిన 1944లోనే, యుద్ధం ఇంకా ముగియకముందే, ఈ ఓడను స్మారకంగా నిలపాలని లెనిన్‌గ్రాద్ నగర సోవియట్ (పాలక మండలి) నిర్ణయించింది. మనం 1971 యుద్ధంలో పోరాడిన పాత విక్రాంత్‌ను 2014లో ముంబయిలో ముక్కలు చేసుకున్నాం. నాకు ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. సోవియట్ పర్యాటక నౌక అలెగ్జాండర్ పుష్కిన్ కూడా చివరికి మార్కో పోలో అన్న పేరుతో 2021లో మన గుజరాత్‌లోని అలంగ్ ఒడ్డుకే ముక్కలవడానికి వచ్చింది. విశాఖలో సోవియట్ తయారీ జలాంతర్గామి కుర్సురాను ఒడ్డుకు లాగి 2002లో ప్రదర్శనశాల చేశారు కాబట్టి మా ఊరి పిల్లలకు దాని లోపల ఇరుకు ఎంతో తెలుసు. విక్రాంత్ డెక్కు మీద నిలబడే భాగ్యం వాళ్లకు లేదు.

నదిలో ఓడ మాటకొస్తే, అవి నది కరిగాకే తిరుగుతాయి. వేసవిలో వెళ్తే తప్పక ఎక్కండి. అయితే నీళ్ల మీంచి మీకు కనిపించేది పొగగొట్టాలూ ఫిరంగులూ మాత్రమే. ముందు అవ్రోరా లోపలికి వెళ్లి, యెగోర్యెవ్ ఫొటో ఎక్కడుందో అక్కడివాళ్లను అడగండి.