కళాశాల పై డివిజన్‌కు వెళుతోంది, అమ్మాయిని చేర్చవచ్చా?

చెల్లెమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అమ్మాయికి టెన్నిస్ ఆట మీద ఒక కళాశాల కొంత స్కాలర్‌షిప్ ఇస్తానంది. ఆ కళాశాల ఇప్పుడు డివిజన్ టూలో ఉంది, వచ్చే ఏడాది డివిజన్ వన్‌కు మారుతోంది. ఇలాంటి అవకాశం మళ్లీ రాదని కోచ్ తొందరపెడుతున్నారు. మీవారు సరేనన్నారు. మీకు మాత్రం మనసొప్పడం లేదు, ఎందుకో చెప్పలేకపోతున్నానని రాశారు. మీరు అనుమానించడంలో తప్పేమీ లేదు. అది ఎక్కడిదో నేను చెబుతాను, నేను ఆ దారిలో నడిచి వచ్చినవాణ్ణి.

అమెరికాలో కళాశాలల క్రీడలను నడిపించే ఎన్‌సీఏఏ అనే సంస్థ 1973లో కళాశాలలను మూడు డివిజన్లుగా విడగొట్టింది. డివిజన్ త్రీలో ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు. టూలో ఉంటుంది గాని, ఉన్న కాస్త సొమ్మును జట్టులో నలుగురికీ పంచుతారు. వన్‌లో డబ్బు, పోటీ, ప్రయాణాలు అన్నీ ఎక్కువ. ఇవి చదువు ర్యాంకులు కావని మీవారికి గట్టిగా చెప్పండి. ఎంఐటీ, షికాగో విశ్వవిద్యాలయం రెండూ డివిజన్ త్రీలోనే ఆడతాయి. ఎంసెట్ ర్యాంకుల్లో పుట్టి పెరిగిన మనకు "వన్" అన్న మాట చెవిన పడగానే కళ్లు మెరుస్తాయి. నాకూ మెరిశాయి. విజయవాడలో ఉన్న మా వాళ్లందరికీ ఫోన్లు చేసి చెప్పాను.

అసలు సంగతి కాలంతో ఉంది. టూ నుంచి వన్‌కు వెళ్లే కళాశాల కొన్నేళ్లపాటు మారే దశలో ఉంటుంది. ఇది నాలుగేళ్లుగా ఉండేది. 2025 జనవరిలో, చదువుకు సంబంధించిన కొన్ని షరతులు నెరవేర్చిన కళాశాలలకు మూడేళ్లకు తగ్గించారు. ఆ ఏళ్లలో జట్టు డివిజన్ వన్ ప్రత్యర్థులతోనే ఆడుతుంది, ఓడుతుంది, గెలుస్తుంది. కానీ ఎంత బాగా ఆడినా ఎన్‌సీఏఏ జాతీయ టోర్నమెంటుకు వెళ్లడానికి వీల్లేదు. మీ అమ్మాయికి ఉన్నవి నాలుగు సీజన్లు. కళాశాల గడియారం, అమ్మాయి గడియారం ఒకేసారి మొదలైతే, కళాశాలకు అర్హత వచ్చేసరికి అమ్మాయికి మిగిలేది ఒక్క సీజన్, లేదా అదీ ఉండదు.

మా ఊరికి దగ్గర్లో, మసాచుసెట్స్‌లోని నార్త్ ఆండోవర్‌లో మెరిమాక్ కళాశాల ఉంది. 2019లో పైకి వెళ్లింది. 2023లో వాళ్ల బాస్కెట్‌బాల్ జట్టు తమ కాన్ఫరెన్స్ (తమలో తాము పోటీపడే కొన్ని కళాశాలల బృందం) ఫైనల్లో ఫెయిర్లీ డికిన్సన్ విశ్వవిద్యాలయాన్ని 67-66తో ఓడించింది. మామూలుగా అయితే ఆ విజేతే జాతీయ టోర్నమెంటుకు వెళ్లాలి. మెరిమాక్‌కు ఇంకా అర్హత లేదు కాబట్టి ఓడిన జట్టు వెళ్లింది. వెళ్లి ఊరుకోలేదు. పదహారో సీడుగా, అంటే అట్టడుగు ర్యాంకుతో బరిలోకి దిగి, మొదటి సీడు పర్డ్యూను 63-58తో ఓడించింది. పురుషుల టోర్నమెంటు చరిత్రలో అలా జరగడం అది రెండోసారి మాత్రమే. అమెరికా అంతా ఆ రాత్రి దాని గురించే మాట్లాడుకుంది. మెరిమాక్ పిల్లలు దాన్ని ఇంట్లో టీవీలో చూసి ఉంటారు. అంతకు ముందు ఏడాది కెంటకీలోని బెల్లార్మిన్‌కూ ఇదే జరిగింది, కాన్ఫరెన్స్ టోర్నమెంటు నెగ్గి ఇంట్లో కూర్చుంది.

మా అమ్మాయి ఆడిన కళాశాల పేరు చెప్పను. తను మూడో ఏడాదిలో ఉండగా కళాశాల మారే దశలోనే ఉంది. ఆ వసంతంలో వాళ్ల టెన్నిస్ జట్టు కాన్ఫరెన్స్ కప్పు గెలిచింది. మేము పులిహోర డబ్బా పట్టుకుని మూడు గంటలు కారు నడుపుకుంటూ వెళ్లాం. ఆఖరి పాయింటు గెలిచాక పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడి కేకలు వేశారు. కప్పుతో ఫోటోలు దిగారు. ఆ తరువాత, పార్కింగ్ స్థలంలో కారు వెనక తలుపు తెరిచి, దాని అంచు మీద కూర్చుని పులిహోర తింటూ మా అమ్మాయి అడిగింది: "నాన్నా, ఇక రాకెట్టు తీగలు బిగించుకోవాలా, వద్దా?" వద్దు. ఇక మ్యాచ్‌లు లేవు. రెండో స్థానంలో నిలిచిన జట్టు సాధన కొనసాగించింది. మా వాళ్లు మరునాడు కిట్ బ్యాగులు అప్పగించి పరీక్షలకు చదువుకున్నారు. ఈ నిబంధన చేర్పించే ముందే రాసి ఉంది. కోచ్ దాచలేదు, నేనూ అడగలేదు.

ఎదురు చూసి ఫలితం పొందినవాళ్లూ ఉన్నారు. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2020లో పైకి వెళ్లింది. అర్హత వచ్చిన మొదటి ఏడాదే, 2025లో, అబ్బాయిల బాస్కెట్‌బాల్ జట్టు, అమ్మాయిల జట్టు రెండూ జాతీయ టోర్నమెంటులో అడుగుపెట్టాయి. అబ్బాయిలు మిషిగన్ చేతిలో మూడు పాయింట్ల తేడాతో ఓడారు. ఎంతో గొప్ప సంగతి. అయితే 2020లో మొదటి ఏడాదిలో చేరి నాలుగేళ్లలో చదువు ముగించి వెళ్లిపోయినవాళ్లు ఆ కోర్టు మీద లేరు.

ఇక రెండో భయం, నా దృష్టిలో దీనికంటే పెద్దది. జట్టే ఉంటుందా? డివిజన్ టూలో కళాశాలకు కనీసం 10 క్రీడలు ఉండాలి, వన్‌లో 14. అబ్బాయిలకూ అమ్మాయిలకూ సమానంగా అవకాశాలు ఇవ్వాలని 1972 నాటి టైటిల్ నైన్ చట్టం చెబుతుంది. పైకి వెళితే కోచ్‌ల జీతాలు, విమాన టికెట్లు, హోటళ్లు అన్నీ పెరుగుతాయి. బాస్కెట్‌బాల్‌కు, ఫుట్‌బాల్‌కు ప్రేక్షకులు వస్తారు, టెన్నిస్‌కు రారు. మిస్సోరీలోని లిండెన్‌వుడ్ 2022లో వన్‌కు వెళ్లింది, రెండేళ్లు నిండక ముందే పది జట్లను తీసేస్తున్నట్లు ప్రకటించింది. దీనికి తోడు 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో, డివిజన్ వన్ కళాశాలలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు చెల్లించవచ్చు, మొదటి ఏడాది పరిమితి ఒక్కో కళాశాలకు సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఆ సొమ్ము ఎక్కడి నుంచి తేవాలని వెతికేటప్పుడు చిన్న ఆటల మీదే ముందు కన్ను పడుతుంది. పెన్సిల్వేనియాలోని సెయింట్ ఫ్రాన్సిస్ అయితే 2025 మార్చిలో జాతీయ టోర్నమెంటు ఆడిన వారంలోనే, తాము డివిజన్ త్రీకి దిగిపోతున్నామని ప్రకటించింది.

కాబట్టి కోచ్‌కు ఈమెయిల్ రాయించండి. అమ్మాయి చేతే రాయించండి, ఇక్కడ కోచ్‌లు తల్లిదండ్రులతో కంటే ఆడే పిల్లతోనే మాట్లాడాలనుకుంటారు. మారే దశలో కళాశాల సరిగ్గా ఎన్నో ఏడాదిలో ఉంటుంది, అమ్మాయి ఏ ఏడాదిలో ఉండగా అర్హత వస్తుంది? స్కాలర్‌షిప్ ఒక్క ఏడాదికా, నాలుగేళ్లకా? జట్టు తీసేస్తే ఆ సొమ్ము చదువు పూర్తయ్యేదాకా ఇస్తారా? ఇవన్నీ కాగితం మీద కావాలి. నోటి మాటను నమ్మవద్దు, కోచ్ ఎంత మంచివారైనా సరే. ఆయన రేపు వేరే కళాశాలకు వెళ్లిపోవచ్చు.

ఒక ప్రశ్న కొంచెం నొప్పి కలిగిస్తుంది గాని అడగాలి: వచ్చే రెండేళ్లలో ఎవరిని తీసుకువస్తున్నారు? డివిజన్ వన్ టెన్నిస్ జట్లలో యూరప్ నుంచి వచ్చిన ఆటగాళ్లు చాలామంది. టూ స్థాయిలో మ్యాచ్ ఆడే ఆరుగురిలో ఒకరిగా ఆడగలిగిన అమ్మాయి, వన్‌లో తొమ్మిదో స్థానంలో ఆడకుండా బెంచీ మీద కూర్చోవలసి రావచ్చు. ఆడే పిల్లకు కూర్చోవడం ఎంత కష్టమో ఆ ఇంట్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

వీసా సంగతి మరువకండి. అమ్మాయి ఇప్పుడు తల్లిదండ్రుల మీద ఆధారపడిన పిల్లలకిచ్చే హెచ్-4 వీసాలో ఉంది, ఇరవై ఒకటి నిండేలోగా గ్రీన్‌కార్డు రాకపోతే విద్యార్థి వీసా ఎఫ్-1కు మారాలి. చదువుకు ఇచ్చే స్కాలర్‌షిప్‌తో సాధారణంగా ఇబ్బంది ఉండదు. కానీ 2021 నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ వాడుకోనిచ్చి డబ్బు తీసుకోవచ్చని ఎన్‌సీఏఏ అనుమతించింది. ఇప్పుడు కళాశాలలే ఇస్తున్నాయి. పక్క గది అమ్మాయి తీసుకుంటోంది కదా అని మన పిల్ల సంతకం పెడితే, దాన్ని అనుమతి లేని పనిగా లెక్కించే ప్రమాదం ఉంది. ఇమ్మిగ్రేషన్ లాయరును అడగకుండా ఒక్క డాలరు కూడా తీసుకోవద్దని చెప్పండి.

మీ తమ్ముడు తన ఫీజు రసీదులో ఉన్న అథ్లెటిక్ రుసుము గురించి అడిగాడన్నారు. ఎంఎస్ చదివే మన పిల్లల్లో ఈ ప్రశ్న చాలామందికి ఉంది. మనవాళ్లు ఎక్కువగా చదివే చోట్లలో న్యూ హేవెన్ 2025లో వన్‌కు, యూటీ డాలస్ అదే ఏడాది త్రీ నుంచి టూకు మారాయి. చాలా కళాశాలల్లో క్రీడల ఖర్చులో పెద్ద భాగం విద్యార్థుల రుసుముల నుంచే వస్తుంది, ఆ వాటాకు వర్జీనియా రాష్ట్రం 2015లో చట్టంతో హద్దు పెట్టవలసి వచ్చింది. శాన్ డియాగోలో మాత్రం పిల్లలనే అడిగారు. 2012లో రుసుము పెంచడానికి ఒప్పుకోలేదు, 2016లో ఒప్పుకున్నారు. మీ తమ్ముడి క్యాంపస్‌లో అలాంటి ఓటు వస్తే, అతనికి ఓటు ఉంటే, తప్పకుండా వెయ్యమనండి. అంతవరకు విద్యార్థి కార్డు చూపించి మ్యాచ్‌లకు వెళ్లమనండి, చాలాచోట్ల ఆ రుసుములోనే టికెట్టు కలిసి ఉంటుంది.

మీ అమ్మాయికి ఆ కళాశాలలో చదవాలనుకుంటున్న కోర్సు నచ్చిందా అన్నది మీరు రాయలేదు. రాకెట్టు పక్కన పెట్టినా అక్కడే చదువుతానంటే, టోర్నమెంటు లేకపోయినా చేర్చండి. మా అమ్మాయి చివరిదాకా అక్కడే ఉంది, జట్టు స్నేహితురాళ్లు ఇప్పటికీ సంక్రాంతికి మా ఇంటికి వస్తారు. కోచ్ జవాబు రాగానే స్కాలర్‌షిప్ పత్రం కాపీ నాకు పంపండి. శనివారం ఉదయం ఫోనులో ఇద్దరం కూర్చుని వరుస వరుసా చదువుదాం.