కూఫూట్ దళం వీరులా, హంతకులా? ఒషకాటి దిక్కు నాలుగేళ్ళు పనిచేసినవాడి జవాబు

ప్రశ్న ఇది: "నమీబియా యుద్ధంలో కూఫూట్ అనే పోలీసు దళం లాంటిది ప్రపంచంలో ఇంకోటి లేదని వీడియోల్లో పొగుడుతున్నారు. మరి దానికి అంత చెడ్డపేరు ఎందుకు వచ్చింది? అక్కడ ఉన్నవాళ్ళెవరైనా చెప్పగలరా?"

నేను సైనికుణ్ణి కాదు, చరిత్ర చదువుకున్నవాణ్ణీ కాదు. 2011 నుంచి 2015 దాకా ఉత్తర నమీబియాలో ఒక రోడ్డు కాంట్రాక్టరు దగ్గర సర్వేయరుగా పనిచేశాను. ఒషకాటి, ఒండాంగ్వా, ఈన్‌హానా, అంటే అంగోలా సరిహద్దుకు దగ్గర. కూఫూట్ తిరిగిన నేల అదే, దాని స్థావరం ఒషకాటిలోనే ఉండేది. మా క్యాంపులో రాత్రి కాపలా కాసే పెద్దాయన ఒకప్పుడు ఆ దళంలో జాడలు తీసేవాడు. వంట చేసే ఆవిడ చిన్నప్పుడు ఆ దళం బండ్ల చప్పుడు వింటే తుప్పల్లోకి పరుగెత్తిన మనిషి. ఇద్దరిదీ ఒకటే భాష, ఒకటే తిండి. మన సజ్జల్నే వాళ్ళు మహాంగు అంటారు; ఆ పిండితో చేసే ఒషిఫిమా అచ్చం మన సంకటే.

ఆ పేరు మొదటిసారి ఆయన నోట విన్నప్పుడు నాకు "కోవర్టు" అని వినిపించి ఉలిక్కిపడ్డాను. మాది కరీంనగర్ దిక్కు. తొంభైలలో అక్కడ పెరిగినవాడికి ఆ మాటకు అర్థం చెప్పక్కర్లేదు: నక్సలైట్లలోనే ఉంటూ పోలీసులకు పనిచేసేవాడు. అది కోవర్టు కాదట, కూఫూట్. ఆఫ్రికాన్స్‌లో గడ్డపార. జనంలో దిగబడిన గెరిల్లాలను మేకు పీకినట్టు పీకేస్తామని పెట్టుకున్న పేరు. అయితే నేను విన్నది మరీ తప్పేం కాదని తర్వాత తెలిసింది. పట్టుబడ్డ గెరిల్లాలను తిప్పుకుని, వాళ్ళనే దళంలో చేర్చుకుని, నిన్నటిదాకా కలిసి తిన్నవాళ్ళ మీదికి పంపడం ఆ దళం పనిలో పెద్ద భాగం.

వెనక కథ కొంచెం. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ నుంచి లాక్కున్న ఆ దేశాన్ని దక్షిణాఫ్రికా వదల్లేదు. 1966లో ఒముగులుగ్వోంబాషే అనే చోట స్వాతంత్ర్యం కోసం లేచిన స్వాపో అనే సంస్థ గెరిల్లాలతో తొలి పోరు జరిగింది. అది ఇరవై మూడేళ్ళు సాగింది. పోరాడేవాళ్ళలో ఎక్కువమంది ఒవాంబోలు, అంటే ఆ ఉత్తరాది తెగవాళ్ళు. అంగోలా వైపు నుంచి వానాకాలంలో దిగేవాళ్ళు, తుప్పలు పచ్చగా ఉంటాయి, నీళ్ళు దొరుకుతాయి కాబట్టి. దగ్గర్లోని రొడీషియాలో, అంటే ఇప్పటి జింబాబ్వేలో, సెలూస్ స్కౌట్స్ అనే సైనిక దళంవాళ్ళు అప్పటికే గెరిల్లా వేషాలు వేసుకుని తిరుగుతున్నారు. అది చూసి దక్షిణాఫ్రికా పోలీసు అధికారి హాన్స్ డ్రేయర్ 1979 ప్రాంతంలో ఈ దళాన్ని కట్టాడు. చివరికి సుమారు 3,000 మంది అయ్యారు. పై అధికారులు తెల్లవాళ్ళు, మిగతా అందరూ దాదాపు ఒవాంబోలే. వీడియోల్లో పెద్దగా చెప్పని సంగతి ఇదే. ఎదుటివాడూ ఒవాంబోనే.

పని ఎలా చేసేవాళ్ళో పెద్దాయనే చెప్పాడు. ఆయన్ని అందరూ "టాటే" అంటారు, అంటే నాయనా అని, పెద్దవాళ్ళను పిలిచే తీరు. నాకు మాత్రం అది తాత అన్నట్టే ఉండేది, అలాగే పిలిచేవాణ్ణి. ఒక జట్టుకు కాస్పిర్ అనే ఉక్కు కవచం బండ్లు నాలుగు, నలభై మంది దాకా మనుషులు, సరుకుల బండి ఒకటి. కాస్పిర్ అడుగుభాగం పడవలా కోసుగా ఉంటుంది, మందుపాతర పేలితే దెబ్బ పక్కలకు జారిపోవడానికి. జాడ తీసేవాళ్ళు ముందు కాలినడకన, నడక కూడా కాదు, పరుగున పోతారు. బండ్లు వెనకే. అలిసినవాణ్ణి బండెక్కించి ఇంకొకణ్ణి దింపుతారు. ఇసుకలో అడుగు అంచు ఎంత విరిగింది, దాని మీదుగా చీమలు ఎన్నిసార్లు పోయాయి, ఇవి చూసి ఎన్ని గంటల కిందటిదో చెబుతారు. మూడు గంటలు, రెండు, ఒకటి. దూరం అలా తగ్గుతూ వస్తుంది, బండికి కాళ్ళు నొప్పి పుట్టవు కదా. నీళ్ళు లేక, మోకాళ్ళు పట్టేసి, ఎదుటివాడు ఏదో ఒక చెట్టుకింద ఆగిపోతాడు.

ఆ పనితనం నిజమే. ఎవరైనా కాదంటే నేను ఒప్పుకోను. దళంవాళ్ళు చెప్పుకునే లెక్కలో పదేళ్ళలో 3,000 మందికి పైగా గెరిల్లాలు చచ్చో, పట్టుబడో పోయారు. తమవాళ్ళు 150 పైచిలుకు. పొగిడేవాళ్ళంతా ఈ అంకెలే చూపిస్తారు.

నా అనుమానం ఆ అంకెల దగ్గరే మొదలవుతుంది. జీతం కాక, చంపిన గెరిల్లాకింత, దొరికిన ఆయుధానికింత అని డబ్బు ముట్టేది. తలకింత అని కట్టాక, ఆ తల ఎవరిదో నిలబడి చూసే ఓపిక ఎవరికి ఉంటుంది? పొద్దు గూకితే కర్ఫ్యూ. చీకట్లో తప్పిపోయిన ఆవు కోసం బయటికొచ్చినవాడూ గెరిల్లాయే. శవాలను కాస్పిర్ల మీద కట్టుకుని ఊళ్ళ మధ్య తిప్పేవాళ్ళు, చూసి భయపడాలని. సజ్జ చేలలోంచి, ఇళ్ళ చుట్టూ పాతిన దుంగల కంచెల మీద నుంచి బండి పోనిచ్చేవాళ్ళు. కొట్టడం, విచారణ పేరుతో చిత్రహింసలు, ఇవన్నీ అప్పట్లోనే చర్చి పెద్దలు బయటపెట్టారు, తర్వాత దక్షిణాఫ్రికా సత్య-సయోధ్య కమిషన్ కూడా రాసింది. ఇక వేషం వేసుకుని వచ్చేవాళ్ళు వేరే. రాత్రి తలుపు కొట్టి అన్నం అడిగినవాడు స్వాపోవాడో, కూఫూట్ వాడో తెలియదు. పెట్టకపోతే ఒకరితో ముప్పు, పెడితే ఇంకొకరితో.

ఈ ముక్క వంటావిడ చెప్పినప్పుడు నాకు మా ఊరు గుర్తొచ్చింది. రాత్రి అన్నలు వచ్చి బువ్వ తిని పోతే, తెల్లారి పోలీసులు వచ్చి ఎవరు వండారని అడిగేవాళ్ళు. కూఫూట్‌ను రద్దు చేసిన 1989లోనే మన దగ్గర నక్సలైట్ల మీదికి గ్రేహౌండ్స్ పోలీసు దళం పుట్టింది. రెండూ ఒకటని అనను, ఆ పోలిక వేరే చర్చ. నడిమిట్ల నలిగిన ఇంటి గోస మాత్రం ఎక్కడైనా ఒక్క తీరే ఉంటుంది.

వాళ్ళ భాషలో ఆ దళంవాళ్ళను, వాళ్ళలాంటి బలగాలను "ఒమకకున్యా" అంటారు. బొమికలు పీక్కుతినేవాళ్ళు అన్నంత తిట్టు. వంటావిడ టాటే ఎదుట ఏనాడూ ఆ మాట అనలేదు. కానీ ఆయన పళ్ళెం బల్ల మీద పెట్టేది, చేతికి ఇచ్చేది కాదు. ఆవిడ అన్నను రెండు వారాలు పట్టుకెళ్ళి వదిలారట. అప్పటినుంచి ఒక చెవి వినపడదు.

1989 ఏప్రిల్ 1 గురించి చెప్పకపోతే ఈ జవాబు సగమే. యుద్ధం ఆపి ఎన్నికలు పెట్టాలన్న ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఆ రోజు నుంచి అమల్లోకి రావాలి. సమితి బలగాల సేనాని మనవాడే, దివాన్ ప్రేమ్‌చంద్. కానీ బలగాలు ఇంకా సరిగా చేరుకోనేలేదు. ఆ తెల్లవారుజామునే వందలమంది గెరిల్లాలు అంగోలా నుంచి సరిహద్దు దాటారు. సమితి వాళ్ళకు ఆయుధాలు అప్పగించడానికే వచ్చామని స్వాపో, చొరబాటని దక్షిణాఫ్రికా. కూఫూట్, ఇంకా సైన్యం మళ్ళీ బయటికి వచ్చాయి. తొమ్మిది రోజుల్లో 300 మందికి పైగా గెరిల్లాలు చనిపోయారు. ఈన్‌హానా దగ్గర 2005లో సామూహిక సమాధులు బయటపడ్డాయి. నేనున్నప్పుడు అక్కడి స్మారకానికి బడిపిల్లల్ని బస్సుల్లో తెచ్చేవాళ్ళు.

తర్వాత ఏమైంది? కూఫూట్ వాళ్ళకు మామూలు పోలీసు బట్టలు వేసి అవే కాస్పిర్లలో తిప్పారు. దాన్ని ఎత్తెయ్యమని భద్రతామండలి ఆగస్టులో తీర్మానం చేస్తే, అక్టోబరు చివరికి గాని అది పోలేదు. నవంబరులో ఎన్నికలు. దేశం మొత్తం మీద స్వాపోకు 57 శాతం వస్తే, కూఫూట్ పదేళ్ళు తిరిగిన ఒవాంబోలాండ్‌లో నూటికి 90కి పైగా ఓట్లు స్వాపోకే పడ్డాయి. అంత గొప్పగా పనిచేసిన దళం ఎవరికోసం పనిచేసినట్టు? అంకెలు చూపించేవాళ్ళు ఈ ఒక్క అంకె దగ్గరికి వచ్చేసరికి గొంతు సవరించుకుంటారు.

తెల్ల అధికారులు దక్షిణాఫ్రికాకు పోయారు. ఆ దళంలో చేసి అంతకు ముందే పోయిన యూజీన్ డి కాక్ అక్కడ హత్యల దళం ఒకటి నడిపి, 1996లో రెండు యావజ్జీవాలు, ఆ పైన 212 ఏళ్ళ శిక్ష పడి, 2015లో పెరోల్ మీద బయటికొచ్చాడు. కొంతమంది కిరాయి సైన్యాల్లో చేరారు. నల్ల మనుషుల్లో చాలామందికి మాత్రం పోవడానికి వేరే చోటు లేదు. స్వాతంత్ర్య సమరవీరుల చట్టం 2008లో వచ్చింది. అందులో వీళ్ళను చేర్చలేదు, ఆ పింఛను రాలేదు. మేమూ ఈ దేశం మనుషులమేనని వాళ్ళు రాజధాని విండ్‌హుక్‌లో ధర్నాలు చేస్తే, జనం పెద్దగా కనికరించలేదు. కొత్త ప్రభుత్వం గతాన్ని తవ్వొద్దని తీర్మానించుకుంది, నమీబియాలో విచారణ కమిషన్ పెట్టలేదు. తవ్వితే కూఫూట్ ఒక్కటే బయటపడదు; అంగోలాలోని లుబాంగోలో గూఢచారులన్న అనుమానంతో స్వాపో తన మనుషుల్నే గోతుల్లో బంధించిన సంగతి కూడా లేస్తుంది.

మరి వీరులా, హంతకులా అంటే, నా మటుకు హంతకులనే మాటే నిజానికి దగ్గర. తలకింత అని కట్టినవాడిదే మొదటి తప్పు. టాటే చేతులు శుభ్రంగా ఉన్నాయని మాత్రం అనను, ఆయనా అనలేదు. ఎందుకు చేరావు తాతా అంటే, "జీతం" అన్నాడు. ఎంతమందిని పట్టుకున్నావు అని ఒకసారి నోరు జారి అడిగాను. లేచి గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

2013లో, సజ్జ కోతలయ్యాక, మా క్యాంపులో ఒక డబ్బా డీజిలు పోయింది, 20 లీటర్లు. మేనేజరు ముందు కాపలావాణ్ణే అనుమానించాడు. టాటే ఏమీ మాట్లాడకుండా కంచె చుట్టూ ఒకసారి తిరిగి, నన్ను రమ్మని సైగ చేశాడు. వెనకాలే నడిచాను. నాకు ఇసుక తప్ప ఏమీ కనపడలేదు. ఆయనకు అరవై దాటినా నేనే రొప్పుతున్నాను. "ఒక్కడే. బరువు కుడిచేతిలో. ఇక్కడ చెయ్యి మార్చుకున్నాడు. పిల్లవాడు." ఎండిన చెరువు దాటి, కోసిన చేలో నుంచి, ఒక ఇంటి దుంగల కంచె దాకా పోయాం. అక్కడ ఆగాడు. లోపల ఎవరో పిండి దంచుతున్న చప్పుడు. చాలాసేపు నిలబడి, వెనక్కి తిరిగాడు. క్యాంపుకొచ్చి మేనేజరుకు "జాడ పోయింది ఇంజినీర్" అన్నాడు. నేను నోరెత్తలేదు. ఆ నెల ఆయన జీతంలో డీజిలు ఖరీదు కోసుకున్నారు.

రాత్రి వంటావిడకు జరిగింది చెప్పాను, కంచె దగ్గర ఆగిపోయాడని. ఒషిఫిమా గెలకడం ఆపలేదు.

"ఇప్పుడా ఆగేది?" అంది.