‘న్యూటన్’ చూస్తూ మా ఇంట్లో ఎవరు ఎక్కడ నవ్వారు

మీరు అడిగింది: తుపాకులు పేలే చోట కథ పెట్టి కామెడీ తీస్తే కొందరు పడీపడీ నవ్వుతారు, కొందరు మధ్యలోనే మొహం ముడుచుకుని లేచిపోతారు, ఎందుకలా, మీలో ఎవరికైనా ఇది ఎదురైందా అని.

ఎదురైంది. థియేటర్లో కాదు, మా ముందుగదిలో.

మాది సిరొంచ. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొస, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు. అవతలి ఒడ్డున కాళేశ్వరం గుడి. ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ, బస్సులో హిందీ, లోపలి ఊళ్లకు పోతే అక్కడి ఆదివాసుల భాష మాడియా. 1980లో పీపుల్స్‌వార్ దళాలు నది దాటి మహారాష్ట్రలోకి వచ్చింది మా వైపు నుంచే. సర్కారు కాగితాల్లో దీన్ని ఎవరూ యుద్ధం అనరు. కానీ బడికి పోతుంటే దారిలో రెండుసార్లు ఆపి బ్యాగు చూసే చోటును ఇంకేమనాలో నాకైతే తెలీదు. నేను జిల్లా పరిషత్ బడి పంతుల్ని, ఇక్కడి పిలుపులో గురూజీని.

సినిమా పేరు ‘న్యూటన్’. అమిత్ మసుర్‌కర్ తీసిన హిందీ సినిమా, 2017 సెప్టెంబరులో వచ్చింది. ఛత్తీస్‌గఢ్ అడవిలో 76 మంది ఓటర్లున్న ఊరు. అక్కడ పోలింగు జరిపించడానికి పోయిన కుర్ర గుమస్తా రాజ్‌కుమార్ రావు, కాపలాకు వచ్చిన సీఆర్‌పీఎఫ్ అధికారి పంకజ్ త్రిపాఠి. ఒకడికి రూలు తప్పకూడదు. రెండోవాడికి తెచ్చినవాళ్లందరినీ పొద్దుగూకకముందే ప్రాణాలతో వాపసు తీసుకుపోవాలి. ఆ ఏడు మన దేశం తరఫున ఆస్కార్‌కు పంపింది దీన్నే. ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది.

మేం చూసింది 2019 మే నెలలో. ఏప్రిల్ 11న లోక్‌సభ పోలింగు, ఆ డ్యూటీలో నడిచి నడిచి నల్లబడ్డ నా బొటనవేలి గోరు అప్పటికింకా ఊడలేదు. హైదరాబాదులో చదివే కొడుకు సెలవులకు వచ్చి ఫోను టీవీకి తగిలించాడు. గదిలో వాడు, మా ఆవిడ, అమ్మ, పోలీసులో చేసే మా బామ్మర్ది, రిటైరైన మా హెడ్మాస్టరు సారు, నాతో పాటు లోపలి ఊరి బడిలో చేసే మాడియా మిత్రుడు. కూలరు చప్పుడుకు మాటలు వినపడక సౌండు పెంచుకుంటూ, పుచ్చకాయ ముక్కలు తింటూ కూర్చున్నాం.

సినిమాలో ఆ అధికారి ఊరోళ్లకు ఓటింగు మిషను చూపించి, ఇది ఆటబొమ్మ లాంటిది, ఏనుగుంది, సైకిలుంది, మీకేది నచ్చితే దాని మీట నొక్కండి అనే సీనుంది. మావాడు సోఫాలోంచి కిందికి జారాడు నవ్వి నవ్వి. సారు నవ్వలేదు. చేతిలోని ముక్క పళ్లెంలో పెట్టేసి, “గిట్ల చెప్పేటోళ్లను చూసిన బిడ్డా” అన్నాడు, అంతే.

ఆయన నవ్విన చోటు వేరు. పోలింగు పార్టీ ఆ ఊరి బడిగదిలో బల్లలు సర్దుకుని, కాగితాలు వరసగా పెట్టుకుని కూర్చుంటుంది. ఓటరన్నవాడు రాడు. గంటలు గడుస్తాయి. బయటివాళ్లకు సినిమా నెమ్మదించినట్టు అనిపించే భాగం అదే, మావాడు ఫోను కూడా చూసుకున్నాడు. సారు మాత్రం కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు. పక్కన నేనూ. ముప్ఫై ఏళ్ల డ్యూటీల్లో ఆయన అలా ఎన్ని పొద్దులు కూర్చున్నాడో మరి.

ఆ నవ్వు ఏమిటో చెప్పాలంటే మా సీలు సంగతి చెప్పాలి. పోలింగు అయ్యాక ఓటింగు మిషను కంట్రోల్ యూనిట్ మీద క్లోజ్ మీట నొక్కి, ఓట్ల లెక్క రాసే 17సీ ఫారం నింపి, పెట్టెలకు చీటీలు కట్టి లక్కతో సీలు వేయాలి. లక్క కరగాలంటే కొవ్వొత్తి వెలగాలి. ఏప్రిల్లో మా డ్యూటీ రోజున గాలి. అగ్గిపెట్టె సగం ఖాళీ అయింది, వత్తి నిలవడం లేదు. బయట జవాన్లు తొందర పెడుతున్నారు, తుపాకులు అడవి వైపు పెట్టి నిలబడ్డారు. చివరికి వాళ్లలో ఒకతను లోపలికి వచ్చి, తన హెల్మెట్టు తీసి కొవ్వొత్తికి అడ్డం పెట్టాడు. పొద్దున మమ్మల్ని నిలబెట్టి, ఏమైనా సరే హెల్మెట్టు తీయొద్దని పాఠం చెప్పినవాడే అతను. ఆ హెల్మెట్టు చాటున లక్క బొట్లు బొట్లుగా పడుతుంటే మా ముగ్గురి తలలూ దాని చుట్టూ, పూజ దగ్గర కూర్చున్నట్టు. నాకు నవ్వు ఆగలేదు. అతనికీ ఆగలేదు. భయం పోయిందని కాదు, కాళ్లు వణుకుతూనే ఉన్నాయి.

అందుకే యుద్ధం మీద కామెడీ ఏమిటి, బాధితులను ఎగతాళి చేయడం కాదా అని దూరం నుంచి బాధపడేవాళ్లను చూస్తే నాకు కొంచెం ఆశ్చర్యంగా ఉంటుంది. హిట్లర్ మీద 1940లో కామెడీ తీసిన చాప్లిన్, నాజీ క్యాంపుల్లో జరిగే అసలు ఘోరం ముందే తెలిసుంటే తీయగలిగేవాణ్ని కాదని ఆత్మకథలో రాసుకున్నాడు. ఆయన మాట నిజమే అయి ఉంటుంది. కానీ మావాళ్లు తెలిసే నవ్వుతారు. మా జిల్లాలో వడసా వైపు వరికోతలయ్యాక రాత్రంతా ఝాడీపట్టీ నాటకాలు ఆడతారు. ఇల్లు కూలి తల్లి ఏడుస్తుంటుంది, మరుక్షణం హాస్యగాడు దూరతాడు, జనం కన్నీళ్లు తుడుచుకుంటూనే ఈల వేస్తారు. ఆ రంగస్థలం మీదివాడైన పరశురామ్ ఖుణేకు 2023లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఏడుపులో నవ్వు కలిపితే తప్పని ఇక్కడ ఎవరూ అనరు.

మరి మా గదిలో కోపం ఎక్కడొచ్చింది? రెండు చోట్ల.

మొదట మా బామ్మర్దికి. ఆ అధికారిని వెటకారంగా, పని ఎగ్గొట్టేవాడిలా చూపించారని. “ఒక్కరోజు వచ్చి పోయేటోనికి నీతి చెప్పుడు అల్కగనే ఉంటది బావా, మల్ల తెల్లారి గూడ గదే తొవ్వల నడిచేటోడు మేమే గదా” అన్నాడు. లేచిపోతాడేమో అనుకున్నాను. సరిగ్గా అప్పుడే అధికారి తన తుపాకీ గుమస్తా చేతిలో పెట్టి, బరువుగా ఉందా, ఇది దేశం బరువు, మా భుజాల మీద ఉంది అనే మాట వచ్చింది. బామ్మర్ది మళ్లీ కూర్చున్నాడు. ఆ తర్వాత సినిమా అయ్యేదాకా నోరు విప్పలేదు. నచ్చిందో లేదో ఈ రోజు వరకు చెప్పలేదు.

రెండో కోపం మాడియా మిత్రుడిది, నాకు ఎక్కువ తగిలింది అదే. సినిమాలో అంజలీ పాటిల్ వేసిన మల్కో అనే లోకల్ టీచరమ్మ ఉంది. నువ్వు నిరాశావాదివా అని హీరో అడిగితే, కాదు, ఆదివాసిని అంటుంది. హిందీలో ఉన్న ఆ శబ్దం మన తెలుగులోనూ అట్లాగే మోగుతుంది. దానికి మిత్రుడు తొడ చరుచుకున్నాడు. కాసేపటికే చల్లబడి, “గురూజీ, ఆమె ఒక్కతె తప్ప ఊళ్లో ఇంకెవరికీ జోకు ఇయ్యలేదు చూడు. మావాళ్లను వరసగా కూర్చోబెట్టిండ్రు, ఊరికే చూస్తనే ఉంటరు. మావాళ్లు అంత నోరులేనోళ్లా?” అన్నాడు.

నోరులేనివాళ్లా! ఏప్రిల్లో మా బూతుకు ఒక అవ్వ వచ్చింది. ఒకాయన ఆమె వేలు చూశాడు, ఒకాయన రిజిస్టరులో వేలిముద్ర వేయించాడు, ఇంకొకాయన సిరా పూయడానికి చెయ్యి పట్టుకున్నాడు. ఆమె మాడియాలో ఏదో అంది, వరసంతా గొల్లుమంది. నేను ఊరి ఓటర్ల జాబితా చూసే బీఎల్‌ఓ వైపు చూస్తే, “పెండ్లినాడు గూడ ఇంతమంది నా చెయ్యి పట్టలేదట” అని చెప్పాడు. గుమ్మం దగ్గర జవానుకు హిందీలో చెప్తే అతనూ వెనక్కి తిరిగి నవ్వాడు. ఓటేసి బయటికి పోయిందా, కిటికీలోంచి చూస్తున్నాను, నేరుగా బోరింగు దగ్గరికి పోయి, ఆ వేలిని కింది బండకేసి రాస్తూ కూర్చుంది. సిరా పోవాలి. ఎందుకో నేను అడగలేదు, అడగనక్కరలేదు. జోకు వేసిన చెయ్యీ, బండకు రాసిన చెయ్యీ ఒకటే. మిత్రుడు సినిమాలో వెతుక్కున్నది అట్లాంటి అవ్వను.

మీ ప్రశ్నకు నా జవాబు ఇదే. ఆ రోజు మా గదిలో యుద్ధం మీద జోకులేశారని ఎవరికీ కోపం రాలేదు. జోకు వేసే వంతు తమ దాకా రానివాళ్లకు వచ్చింది, తమ బాధ ఊసే లేకుండా తమను జోకు చేశారనుకున్నవాడికి వచ్చింది. నాకైతే సినిమా నచ్చింది, మిత్రుడి తప్పుపట్టడం కూడా నచ్చింది.

మీరు చూడకపోతే ఇక్కడితో ఆపేయండి, చివర చెప్పేస్తున్నాను. నక్సల్ ప్రాంతమని మా వైపు పోలింగు మధ్యాహ్నం మూడింటికే ముగుస్తుంది. సినిమాలోనూ మూడే. టైము కాకముందే మూటాముల్లె కట్టించబోతుంటే ఆ కుర్ర గుమస్తా తుపాకీ లాక్కుని, మూడయ్యేదాకా అందరినీ నిలబెడతాడు. మా గదిలో అందరూ ఒకేసారి నవ్వింది ఆ ఒక్క చోటే, హిందీ సరిగా రాని అమ్మతో సహా. నవ్వి నా వైపు తిరిగింది. “నువ్వు గూడ గిట్లనే ఉన్నవారా ఆడ?”

లేను. ఆ రోజు రెండున్నర నుంచీ నేను గడియారమే చూస్తున్నాను. పొద్దుండగానే వాగు దాటాలి. మూడింటికి అయిదు నిమిషాలుందనగా దూరపు గుంపు నుంచి ముగ్గురు ఆడవాళ్లు నడిచి వచ్చారు. రూలు ప్రకారం చీటీలు రాసిచ్చి ఓట్లు వేయించాను, కానీ ఒక్కో చీటీ రాస్తూ మనసులో వాళ్లను తిట్టుకున్నాను. చివరామె మెట్టు మీద కూలబడి నా సీసాలో నీళ్లు తాగింది. ఆలస్యమైందా గురూజీ అని తనకొచ్చిన మరాఠీలో అడిగింది. లేదన్నాను.

అమ్మకు అవునని చెప్పాను.