మిస్ట్ నెట్‌లో చిక్కిన చిన్న పిట్టను గాయం కాకుండా ఎలా తీయాలి?

ఒడిశాలోని గోపాల్‌పూర్ తీరంలో వలస పిట్టల కాళ్లకు గుర్తింపు రింగులు వేసే శిబిరానికి మొదటిసారి వెళ్తున్నానని, మిస్ట్ నెట్ అనే సన్నదారాల వలలోంచి తీసేటప్పుడు కాలు విరుగుతుందేమోనని భయంగా ఉందని అడిగారు. ఆ భయం ఉండాల్సిందే. రింగు నొక్కడం రెండు రోజుల్లో వచ్చేస్తుంది, వలలోంచి తీయడమే అసలు పని.

ముందు పిట్ట ఏ వైపు నుంచి వచ్చి పడిందో చూడండి. ఆ వైపే నిలబడి, సంచిలా వేలాడే మడతను విప్పితే తోక దగ్గర దారాలు లేని చోటు దొరుకుతుంది. మొదట కాళ్లు. ఈకలున్న పైభాగం దగ్గర పట్టుకోండి. ఈనెపుల్లలా ఉండే కింది కాలిని పట్టి లాగితే విరిగేది అక్కడే. పిట్ట గోళ్లతో దారాన్ని బిగించి పట్టుకుంటే కాలిని మెల్లగా చాపండి, వేళ్లు వాటంతటవే వదులవుతాయి. తర్వాత రెక్క మడత మీదుగా దారాలు జార్చి, చివర్లో మెడ వెనక నుంచి ముక్కు వైపు తీయండి. అప్పుడు వీపు అరచేతికి ఆనించి, మెడ చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య ఉండేలా పట్టండి. రొమ్ము మాత్రం నొక్కొద్దు: రొమ్ము కదిలితేనే పిట్టకు ఊపిరి.

ముక్కు తెరుచుకునే ఉంటే నాలుక చూడండి. నాలుక వెనక వైపు తిరిగిన ముళ్లకు దారం తగులుకుంటుంది. లాగకుండా, సన్నటి పుల్లతో దారాన్ని ముందుకు ఎత్తాలి. రెండు మూడు నిమిషాల్లో రాకపోతే శిక్షకుణ్ణి పిలవండి. ఒక దారం కత్తిరించినా నష్టం లేదు, ముక్క ఒంటి మీద మిగలకూడదు, అంతే.

మన తీరంలో మొగలి ముళ్లు, సరుగుడు ఆకులు వలను పట్టేస్తాయి, కాబట్టి వలకు రెండు పక్కలా పొద కొట్టించి ఖాళీ ఉంచాలి. అడుగు మడత పిట్ట బరువుకు వేలాడినా ఇసుకను తాకకూడదు. చీమలు, పీతలు పిట్టను వదలవు. ఇరవై నిమిషాలకోసారి వల చూడాలి, ఎండెక్కితే ఇంకా ముందే. చినుకు పడినా, గాలికి వల ఉబ్బినా మూసేయండి. అక్టోబర్ తుఫాన్ల నెల. 2013లో ఫైలిన్ తుఫాను 12వ తేదీన ఇక్కడే తీరం దాటింది. హెచ్చరిక రాగానే గెడలతో సహా దించేయాలి.

బ్రౌన్ ష్రైక్ అనే వలస పిట్ట గట్టిగా కొరుకుతుంది, చిన్న పిట్టల్ని చంపగలదు కూడా. అందుకే తీసిన పిట్టల్ని ఒకే సంచిలో కలపకండి, ఒక్కో పిట్టకు ఒక్కో గుడ్డసంచి.

రింగు కాలి మీద కిందికీ పైకీ జారాలి, తిరగాలి. అంచులు ఒకదాని మీదొకటి ఎక్కితే కాలు కోస్తుంది. 1972 వన్యప్రాణి చట్టం కింద తీసుకున్న అనుమతి పత్రం నకలు దగ్గరుంచుకోండి. వల చూడగానే ఊరివాళ్లకు వేటగాళ్లే గుర్తొస్తారు, ఒడియాలోనూ తెలుగులోనూ ఓపిగ్గా చెప్పండి.

వదిలేటప్పుడు నీడలో, నేలకు దగ్గరగా అరచెయ్యి తెరవండి. ఈకలు ఉబ్బించుకుని కదలకపోతే మళ్లీ పొడి సంచిలో, నీడపట్టున కాసేపు ఉంచి చూడండి.