మౌంట్ ఏమస్ ఎక్కొచ్చా? బండ పొడిగా ఉంటే ఎక్కొచ్చు

అక్టోబర్ చివర్లో ఆస్ట్రేలియాలోని తాస్మేనియా దీవికి వస్తున్నామని, ఫ్రేసినే నేషనల్ పార్కులో ఒక్క రోజే ఉంటామని, ఆ రోజు మౌంట్ ఏమస్ ఎక్కాలని ఉందని రాశారు. మీతో మీ ఆవిడ, పదకొండేళ్ల పాప, మీ అత్తగారు వస్తున్నారు. మీ ఆవిడకి ఎత్తంటే భయం, ఎవరికీ ట్రెకింగ్ పెద్దగా అలవాటు లేదు. ఎక్కగలమా, సూర్యోదయానికి పైన ఉండేలా వెళ్తే బాగుంటుందా అని అడిగారు.

నేను తాస్మేనియా రాజధాని హోబార్ట్‌లో ఉంటాను. ఆ కొండంటే నాకు ప్రాణం. ఎండాకాలంలోనూ ఎక్కాను, చలికాలంలోనూ ఎక్కాను, సగం దాకా వెళ్లి వెనక్కి తిరిగిన రోజులూ ఉన్నాయి. మామూలు ఆరోగ్యం, మామూలు ఓపిక ఉన్నవాళ్లు పైకి వెళ్లగలరు. కానీ నేను ముందు అడిగేది ఒకటే: ఆ రోజు బండ పొడిగా ఉందా, తడిగా ఉందా?

ఎత్తు 454 మీటర్లు. రానూపోనూ సుమారు 4 కిలోమీటర్లు. దీనికి మూడు గంటలు పడుతుందని పార్కువాళ్లు చెబుతారు. ఆ దూరానికి అంత సమయం ఎందుకంటే, కార్ పార్కు దగ్గర మొదలయ్యే కాలిబాట చెట్ల మధ్య కాసేపే ఉంటుంది. ఆ తర్వాత బాట అంటూ ఏమీ ఉండదు. ఏటవాలుగా పడుకున్న పెద్ద పెద్ద గ్రానైట్ బండలు, వాటి మీద పసుపు గుర్తులు. ఒక గుర్తు దగ్గర నిలబడి, తర్వాతిది ఎక్కడుందో వెతుక్కుని అటు వెళ్లాలి. కొన్ని చోట్ల చేతులు ఆనించాలి, కొన్ని చోట్ల రెండు రాళ్ల సందులో కాలు పెట్టి మోకాలి బలంతో పైకి లేవాలి. మెట్లూ రెయిలింగూ ఉంటాయని అనుకోకండి.

ఈ రాయి గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే అది అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. అక్కడి కొండల వరసని హజార్డ్స్ అంటారు. ఏమస్ అందులో ఒక శిఖరం. దాదాపు 40 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల మెల్లగా చల్లారి గట్టిపడిన గ్రానైట్ ఇది. అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం వల్ల గులాబీ రంగు కనిపిస్తుంది. సాయంత్రం ఎండ పడినప్పుడు పార్కు పక్కనే ఉన్న కోల్స్ బే ఊరి ఒడ్డు నుంచి చూస్తే ఆ రంగు ఇంకా ముదురుగా ఉంటుంది, అది చూడటం మాత్రం మర్చిపోకండి. మెల్లగా చల్లారింది కాబట్టి రాయిలోని పలుకులు పెద్దవి, అరచేయి పెడితే గరుకు తెలుస్తుంది. పొడిగా ఉన్నప్పుడు ఆ గరుకే మీ షూ సోల్‌ని పట్టుకుని ఉంచుతుంది. నిటారుగా కనిపించే బండ మీద కూడా నిలబడగలగడం ఆశ్చర్యంగా అనిపిస్తుంది.

వాన పడితే అదే బండ పూర్తిగా మారిపోతుంది. రాయి మీద పెరిగే నాచు, పొరలా అంటుకుని ఉండే లైకెన్ తడిసి జిగటగా తయారవుతాయి. పార్కువాళ్లు కూడా తడిగా ఉన్నప్పుడు ఎక్కొద్దనే చెబుతారు. ఇందులో చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఆకాశం నిర్మలంగా ఉన్నంత మాత్రాన బండ ఆరిపోయినట్టు కాదు. ముందురోజు కురిసిన నీరు పైనున్న పొదల వేళ్లలోంచి, పగుళ్లలోంచి ఊరుతూనే ఉంటుంది. నేను వెనక్కి తిరిగిన రోజుల్లో ఒకరోజు మంచి ఎండ కాస్తోంది, కింద కార్ పార్కు అంతా పొడిగా ఉంది. పైన ఒక ఏటవాలు బండ మీద మాత్రం సన్నని నీటిపొర మెరుస్తోంది. పక్కనుంచి తిరిగి వెళ్లే దారి కనపడలేదు, దిగిపోయాను. బండ మీద నల్లటి చారలు కనిపిస్తే అది నీళ్లు పారే దారి అని గుర్తుపెట్టుకోండి. పొడిగా కనిపించినా ఆ చారల మీద కాలు పెట్టకుండా పక్కన లేత రంగు రాయి మీద నడవండి.

ఇంకో ప్రమాదం పొడి రోజుల్లో కూడా ఉంటుంది. రాయి అరిగిపోయి రాలిన పలుకులు బండల మీద పడి ఉంటాయి. ఏటవాలులో వాటి మీద అడుగేస్తే ఆవాలు ఒలికిన గచ్చు మీద అడుగేసినట్టే. కాలు వేసే ముందు షూతో అటూ ఇటూ తుడవడం అలవాటు చేసుకోండి.

ఇప్పుడు మీ ఆవిడ భయం సంగతి. ఈ కొండ ఎక్కడం కంటే దిగడం కష్టం. ఎక్కేటప్పుడు కళ్ల ముందు రాయే ఉంటుంది, దిగేటప్పుడు కళ్ల ముందు లోయంతా ఉంటుంది. మెల్‌బోర్న్ నుంచి వచ్చిన నా స్నేహితుడు ఒకడు రోజూ జిమ్‌కి వెళ్లే మనిషి. పైకి నా కంటే ముందు వెళ్లాడు. దిగేటప్పుడు ఒక బండ మధ్యలో కూర్చుని కదలలేకపోయాడు, కాళ్లు వణుకుతున్నాయి. నేను అతని కంటే కాస్త కిందికి దిగి నిలబడి, 'దూరం చూడకు, నా చేయి చూపించిన చోట ఎడమ కాలు పెట్టు, ఇప్పుడు కుడి కాలు' అని ఒక్కో అడుగూ చెబుతూ దింపాను. చాలా సమయం పట్టింది, కానీ బాగానే దిగాడు. ఒంట్లో బలానికీ ఈ భయానికీ సంబంధం లేదని అప్పుడు నాకు బాగా తెలిసింది.

భయం వేసినప్పుడు శరీరం సహజంగా కొండ వైపుకి, అంటే వెనక్కి వాలుతుంది. అదే జారడానికి కారణం. వెనక్కి వాలితే పాదం మీద పడాల్సిన బరువు తగ్గి, పాదం ముందుకి తోసుకుపోతుంది. మోకాళ్లు వంచి, నడుము కాస్త కిందికి దించి, బరువంతా పాదాల మీదే ఉంచండి. మడమ అంచు కాకుండా పాదం మొత్తం రాయికి ఆనించండి. చిన్న చిన్న అడుగులు వేయండి. మరీ నిటారుగా ఉన్న చోట వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు రాయి వైపు మొహం పెట్టి దిగండి. కూర్చుని జరుగుతూ దిగినా సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, అక్కడ అందరూ ఎక్కడో ఒకచోట అలాగే దిగుతారు. పాత ప్యాంట్ వేసుకెళ్లండి.

మీ ఆవిడకి ముందే ఒక మాట చెప్పండి: మొదటి పెద్ద బండ దగ్గర ఆగి నిర్ణయించుకోవచ్చని. ఆ బండ మీద పదిపదిహేను అడుగులు ఎక్కి, అక్కడే వెంటనే దిగి చూడమనండి. దిగడం ఇబ్బందిగా లేకపోతే ముందుకి వెళ్లండి. ఇబ్బందిగా ఉంటే, పైన అంతకంటే ఏటవాలు ఉంది కాబట్టి అక్కడితో ఆపండి. వెనక్కి తిరిగి చూస్తే అక్కడి నుంచే కోల్స్ బే, గ్రేట్ ఆయిస్టర్ బే నీలంగా పరుచుకుని కనిపిస్తాయి, ఎక్కినందుకు దిగులేమీ ఉండదు. 'ఇంత దూరం వచ్చాం కదా' అని బలవంతపెట్టడం మాత్రం దయచేసి చేయకండి.

పాప విషయంలో నాకు భయం తక్కువ. పిల్లలు ఈ బండల మీద చక్కగా వెళ్తారు, వాళ్ల బరువు నేలకి దగ్గరగా ఉంటుంది. వాళ్లతో సమస్య పరుగు. ఎక్కేటప్పుడు పాప వెనక మీరుండండి, దిగేటప్పుడు పాప కంటే ముందు మీరుండండి.

అత్తగారిని ఈ కొండకి తీసుకురావద్దు. ఆవిడ కోసం కేప్ టూర్‌విల్ ఉంది. కారు అక్కడిదాకా వెళ్తుంది, లైట్‌హౌస్ చుట్టూ ఇరవై నిమిషాల చదునైన బాట. కింద సముద్రం, పక్కన హజార్డ్స్ కొండలు కనిపిస్తాయి. ఓపిక ఉంటే హనీమూన్ బే ఒడ్డున కాసేపు కూర్చోవచ్చు. ముందు అందరూ కలిసి కేప్ టూర్‌విల్ చూసి, తర్వాత మీలో ఒకరు అత్తగారితో ఉండిపోతే, ఎత్తు భయం సంగతి కూడా మొహమాటం లేకుండా తేలిపోతుంది.

సూర్యోదయం గురించి అడిగారు. వద్దంటాను. అందుకోసం చీకట్లో టార్చ్‌లైట్‌తో ఎక్కాలి. అలవాటు లేనివాళ్లకి పసుపు గుర్తులు దొరకవు, పైగా తెల్లవారుజామున బండ మీద మంచు తడి ఉండొచ్చు. తెల్లవారకముందు, సాయంత్రం చీకటి పడేటప్పుడు రోడ్ల మీదికి వాలబీలు (చిన్న కంగారూల్లాంటివి), వాంబాట్లు (బొరియల్లో ఉండే పొట్టి, బొద్దు జంతువులు) వస్తాయి, కారు నడపడమూ కష్టమే. అంత కష్టపడి చూసేది కూడా మసక వెలుగే. అందరూ ఈ కొండెక్కి చూడాలనుకునే వైన్‌గ్లాస్ బే, అంటే వంపు తిరిగిన సముద్రతీరం, శిఖరం నుంచి మీకు దక్షిణం వైపు ఉంటుంది. తాస్మేనియాలో మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. అంటే పది దాటాక ఎండ మీ వెనకనుంచి పడుతూ ఉంటుంది, ఆ తెల్లటి ఇసుక వంపు, నీటి రంగు అప్పుడే పూర్తిగా తెలుస్తాయి. వంపుకి అవతల సన్నటి ఇసుక నేల, దాని రెండో పక్క హజార్డ్స్ బీచ్, ఇంకా దూరంగా 620 మీటర్ల మౌంట్ ఫ్రేసినే. రెండు సముద్రతీరాలు ఒకే చూపులో పడతాయి. ఎన్నిసార్లు చూసినా నాకు కాసేపు మాట రాదు. రాత్రి తడి ఆరాక, తొమ్మిదింటికి మొదలుపెడితే చాలు.

ఆ రోజు బండ తడిగా ఉంటే వైన్‌గ్లాస్ బే లుకౌట్‌కి వెళ్లండి. అదే కార్ పార్కు నుంచి బాట మొదలవుతుంది. మెట్లు చాలానే ఉన్నాయి కానీ బాగా కట్టిన దారి, గంట గంటన్నరలో వచ్చేయొచ్చు. ఏమస్, మేసన్ కొండల మధ్య పల్లంలో ఉంటుంది కాబట్టి అదే బే కాస్త తక్కువ ఎత్తు నుంచి కనిపిస్తుంది. పాప ఇంకా నడుస్తానంటే అక్కడి నుంచి కింద బీచ్ దాకా దిగండి. మళ్లీ అదంతా ఎక్కాలని మాత్రం ముందే చెప్పండి.

తీసుకెళ్లాల్సినవి: మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఎందుకంటే పైన చుక్క నీరు దొరకదు. సన్‌స్క్రీన్, టోపీ, గాలికి ఒక జాకెట్. ఎండ ఉన్నా తాస్మేనియా గాలి చల్లగా కొడుతుంది. అన్నీ వీపు మీద బ్యాగులోనే ఉండాలి, చేతిలో ఫోన్ కూడా వద్దు. ట్రెకింగ్ పోల్స్ ఈ కొండ మీద అడ్డమే. షూస్ సోల్ అరిగి నున్నగా అయిపోయి ఉంటే మాత్రం మార్చుకోండి, కొత్తవైతే ముందే కొన్ని రోజులు వేసుకుని తిరగండి. కార్ పార్కులో వాలబీలు దగ్గరికి వస్తాయి, పాప ఎంత ముచ్చటపడినా తిండి పెట్టనివ్వకండి, వాటి ఆరోగ్యం పాడవుతుంది.

పార్కులోకి పాస్ కావాలి. వేరే పార్కులు కూడా చూసేటట్టయితే రోజు పాస్ కాకుండా హాలిడే పాస్ తీసుకోండి, ఒక కారుకి ఎనిమిది మంది దాకా రెండు నెలలు చెల్లుతుంది. హోబార్ట్ నుంచి కోల్స్ బేకి రెండున్నర గంటలు. వీలైతే ముందురోజు రాత్రి కోల్స్ బేలోనే ఉండండి. పొద్దున పార్కు విజిటర్ సెంటర్‌లో ఆగి 'ఈరోజు ఏమస్ బండలు పొడిగా ఉన్నాయా' అని అడగండి. వాళ్లు వద్దంటే ఇంకో ఆలోచన పెట్టుకోకండి.

మీ ముగ్గురూ ఏ షూస్ వేసుకోబోతున్నారో, మీ ఆవిడ భయం బాల్కనీ అంచున నిలబడితే వచ్చేదా లేక నిచ్చెన ఎక్కితే వచ్చేదా అన్నది రాయండి. దాన్నిబట్టి ఆవిడ ప్రయత్నించొచ్చా, నేరుగా లుకౌట్‌కి వెళ్లడం మంచిదా అన్నది ఇంకాస్త స్పష్టంగా చెప్పగలను.