అక్వేరియం అద్దానికి రంధ్రాలు వేసే ముందు చూసుకోవలసినవి

నాలుగడుగుల అక్వేరియం కింద సంప్ (పైనుంచి దిగిన నీటిని వడకట్టి, పంపుతో తిరిగి పైకి పంపే రెండో తొట్టి) పెట్టుకోవాలని ఉందనీ, నీరు కిందికి దిగే గొట్టానికీ తిరిగి పైకి వచ్చే గొట్టానికీ రంధ్రాలు వేస్తే అద్దం పగులుతుందేమోనని భయంగా ఉందనీ అడిగారు. నేను ఈ పని మూడు ట్యాంకులకు చేశాను. మొదటిది పగిలింది, రెండోది పగలకుండానే హాలంతా నీళ్లు చేసింది. అందుకే మీ భయంలో సగమే రంధ్రానికి చెందుతుందని, మిగతా సగం నీటి లెక్కకు చెందాలని చెబుతాను.

ముందుగా అద్దం మామూలుదా, టఫెన్డ్‌దా (వేడిచేసి గట్టిపరచినదా) అన్నది తేల్చుకోండి. టఫెన్డ్ అద్దానికి డ్రిల్ తగిలితే పలక మొత్తం పటికబెల్లం పలుకుల్లా రాలిపోతుంది. దానికి ఇంట్లో రంధ్రం వేసే ఉపాయమేదీ లేదు. అద్దాల షాపులో మీ కళ్లముందు కోసి అతికించిన ట్యాంకైతే అది మామూలు అద్దమే, ఎందుకంటే టఫెన్ చేసిన తరువాత కోయడం కుదరదు. కంపెనీ ట్యాంకుల్లో మాత్రం అడుగు పలక ఒక్కటే టఫెన్డ్ అయ్యే అవకాశం ఉంటుంది. ల్యాప్‌టాప్ తెరను తెల్లగా వెలిగించి అద్దం వెనుక పెట్టి, పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలతో చూస్తే, టఫెన్డ్ అద్దంలో నల్లని మచ్చలో చారలో కనిపిస్తాయి. నేను వెనుక పలకకే రంధ్రాలు వేస్తాను. అడుగు జోలికి పోను.

రంధ్రంలో బిగించి గొట్టాన్ని కలపడానికి ఇక్కడ దొరికే ట్యాంక్ నిపిల్‌తోనే పని జరుగుతుంది, అయితే ఇత్తడిది కాకుండా ప్లాస్టిక్‌ది తీసుకోండి. రాగి కలిసిన లోహం రొయ్యలకు ప్రమాదం. ఒక అంగుళం నిపిల్ అంటే ఒక అంగుళం రంధ్రం అనుకోకండి. దాని మర బయటి కొలత దాదాపు 33 ఎంఎం ఉంటుంది కనుక, చేతిలోని నిపిల్‌ను వెర్నియర్‌తో కొలిచి, అంతకన్నా ఒకటి రెండు ఎంఎం పెద్ద డైమండ్ హోల్ సా (అద్దంలో గుండ్రని రంధ్రం కోసే డ్రిల్ బిట్) కొనండి. రంధ్రం అంచుకూ అద్దం అంచుకూ మధ్య కనీసం రంధ్రమంత వెడల్పు వదలాలి. నేను మొదటిసారి రెండు సెంటీమీటర్లే వదిలాను, పైగా చివరి మిల్లీమీటరులో ఆత్రపడి నొక్కాను. పగులు సరాసరి అంచుదాకా పోయింది.

డ్రిల్ చేసేటప్పుడు ట్యాంకును ఆ పలక పైకి వచ్చేలా పడుకోబెట్టి, లోపలివైపు మాస్కింగ్ టేపు అంటించండి. హోల్ సా జారకుండా ప్లైవుడ్ ముక్కలో ముందే రంధ్రం చేసి దాన్ని అచ్చుగా బిగించుకోవచ్చు. చుట్టూ పిల్లలు ఆడుకునే క్లేతో గట్టు కట్టి, అందులో నీళ్లు నింపి, హ్యామర్ మోడ్ ఆపి, తక్కువ వేగంతో డ్రిల్ బరువు మీదనే దిగనివ్వండి. నీళ్లున్నచోట కరెంటు తీగ ఉన్న డ్రిల్ వద్దు, బ్యాటరీది వాడండి, కళ్లకు రక్షణ అద్దాలు మరువకండి. నాకు 8 ఎంఎం అద్దానికి పది నిమిషాల పైనే పట్టింది.

ఇక నీళ్ల సంగతి. నా రెండో ట్యాంకులో రిటర్న్ గొట్టం (నీరు తిరిగి పైకి వచ్చేది) మూతి నీటి మట్టానికి 12 సెంటీమీటర్ల లోతున ఉంది. ఒక రాత్రి కరెంటు పోయి పంపు ఆగగానే ఆ గొట్టమే సైఫన్‌గా మారి, నీటిని వెనక్కి లాగింది. 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు ఉన్న ట్యాంకులో ఒక్కో సెంటీమీటరు నీరు 5.4 లీటర్లు, అంటే దాదాపు 65 లీటర్లు దిగాయి. సంప్‌లో ఖాళీ 30 లీటర్లే. మిగిలినదంతా నేల మీదికి వచ్చింది. అప్పటి నుంచి రిటర్న్ మూతిని నీటి మట్టానికి ఒకటి రెండు సెంటీమీటర్ల కిందనే ఉంచుతున్నాను. సైఫన్ తెగేలా ఆ గొట్టానికి గాలి పీల్చే చిన్న రంధ్రం కూడా పెట్టుకోవచ్చు గానీ అది నాచుతో మూసుకుపోతుంది. నీటిని ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వ్‌లో ఇసుక రేణువు ఇరుక్కున్నా అంతే. వాటిని అదనపు రక్షణగానే చూడండి.

దిగే గొట్టాలకు వీలైతే రెండు రంధ్రాలు వేయండి. ఒకదానికి ప్రవాహాన్ని కొద్దికొద్దిగా తగ్గించే గేట్ వాల్వ్ పెట్టి, గొట్టం నిండా నీరు పోయేలా సర్దితే గలగల శబ్దం కూడా ఆగుతుంది. రెండోదాని మూతి కొంచెం ఎత్తులో, వాల్వ్ లేకుండా ఖాళీగా ఉండాలి. మొదటిది ఆకుతోనో నత్తతోనో మూసుకుపోయిన రోజు అదే ఆదుకుంటుంది.

నిపిల్ బిగించేటప్పుడు రబ్బరు వాషరు నీళ్లవైపు, అంచు కింద ఉండాలి. చేత్తో బిగించి, ఆపైన పావు చుట్టు చాలు. వాషరుకు సిలికాన్ పూయవద్దు. చేపలు వేయకముందే నీళ్లు నింపి, ప్రతి నిపిల్ కిందా పాత వార్తాపత్రిక పరిచి, పంపును నాలుగైదుసార్లు ఆపి సంప్ ఎంతవరకు నిండుతుందో గుర్తు పెట్టుకోండి. మర్నాటికీ కాగితం పొడిగా ఉంటేనే, నీళ్లు తీసేసి ట్యాంకును గోడ దగ్గరికి జరపండి.